హెచ్‌డీ టీవీకి ఇండుపగింజ

కొత్తగట్టుపాలెంలో ఎవరికి ఏ సందేహం వచ్చినా గవర్రాజు ఇంటికి మాత్రం వెళ్ళేవారు కాదు. ఊళ్ళో జనానికి తెలివి లేకపోవడం వల్లే ఇలా జరుగుతోందని గవర్రాజు జాలిపడేవాడు. "మనింట్లో ఇంత తెలివుంది, అడిగేవాడు లేక మూలపడి మురిగిపోతోంది," అని అరుగు మీద కూర్చుని నిట్టూర్చేవాడు. "ఎండలో పెడదామాండీ?" అనేది భార్య మంగాయమ్మ. తమ్ముడు అబ్బులు వదినకన్నా జాగ్రత్తపరుడు. ఉన్న తెలివి ఆవిరైపోకుండా మధ్యాహ్నంపూట నెత్తికి తడిగుడ్డ చుట్టుకుని తిరిగేవాడు.

ఆ ముగ్గురిలో ఉన్న గొప్పతనం ఒక్కటే. ఎవరేం చెప్పినా పొల్లు పోకుండా అలాగే చేస్తారు. ఓసారి డాక్టరు "ఈ మాత్ర వేసుకుని పడుకో" అన్నాడు. అబ్బులు ఆ మాత్ర సంతలో వేసుకోవాల్సి వచ్చింది. అంతే. ఉల్లిపాయల బస్తాలకీ ఎండుచేపల తట్టలకీ మధ్య తువ్వాలు పరుచుకుని నిక్షేపంగా పడుకున్నాడు. సంత ఎత్తేసేటప్పుడు అతన్నీ ఎత్తేశారు.

ఇంట్లో తేడాగా పుట్టింది ఒక్కతే, కూతురు వీరవేణి. కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది, కబడ్డీ ఆడుతోంది. చెప్పినదాంట్లో ఏది పట్టుకోవాలో ఏది వదిలెయ్యాలో ఆ పిల్లకి తెలుసు. "పాపం, దానికి మన తెలివి రాలేదండీ," అని మంగాయమ్మ అప్పుడప్పుడూ కళ్ళొత్తుకునేది.

ఆ వీరవేణి ఓ రోజు ఫోన్ చేసింది.

"నాన్నా, ఆదివారం సాయంత్రం మాకు ఫైనల్సు. నువ్వు నా ఆట ఒక్కసారి కూడా చూళ్ళేదు. ఈసారి చూడాలి, ఆయ్!"

గవర్రాజుకి గుండె చివుక్కుమంది. చూడాలనే ఉంది అతనికి. పోయిన ఏడు "బస్సెక్కి కూచో నాన్నా, నేను చూసుకుంటాను" అని పిల్ల చెబితే, బయల్దేరి ఊరి చివర కనపడిన మొదటి బస్సెక్కి కూర్చున్నాడు. అది చక్రాలు ఊడదీసి షెడ్డులో పెట్టిన బస్సు. కూర్చోమంది కానీ దిగమనలేదు కదా! పొద్దుగూకేదాకా కిటికీ పక్కన కూర్చుని, ఈ బస్సు భలే నెమ్మదస్తురాలని మెచ్చుకున్నాడు. అక్కడ పిల్ల ఆడుతున్నంతసేపూ గేటు వైపే చూసిందట.

"టీవీలో కూడా వేస్తారు నాన్నా. వస్తే రా, లేపోతే టీవీలోనైనా చూడు. ఈసారి కూడా చూడకపోతే మాత్రం నీతో మాట్లాడను!" అని వీరవేణి ఫోన్ పెట్టేసింది.

మాట్లాడనంటే మాట్లాడదు. ఆ ఇంట్లో అన్న మాట అన్నట్టే జరుగుతుంది మరి. గవర్రాజుకి అన్నం సయించలేదు. పిల్ల గొంతు ఇంక జన్మలో వినపడదేమోనని ఫోన్ని గుండెకి ఆనించుకుని కూర్చున్నాడు. చివరికి అన్నదమ్ములిద్దరూ పట్నంలో టీవీల కొట్టుకి వెళ్ళారు.

కొట్టతను మహా మాటకారి. "స్టేడియంలో ఏం కనపడుద్దండీ, ఆడేవాళ్ళు చీమల్లా ఉంటారు! ఈ హెచ్‌డీ టీవీ పట్టికెళ్ళండి. మనుషులు మీ ఇంట్లోకి వచ్చి నిలబడ్డట్టే ఉంటది. మొహం మీద చెమట చుక్క కూడా లెక్కెట్టుకోవచ్చు," అన్నాడు.

"చూశావా అన్నియ్యా, మనం కాకినాడ వెళ్తే పిల్ల చీమైపోద్ది," అన్నాడు అబ్బులు.

ఇంకేముంది. తలుపంత టీవీ ఇంటికొచ్చింది. డిష్ బిగించడానికి బుచ్చిబాబు వచ్చాడు. ఊరూరా డిష్‌లు బిగించే నడివయసు మనిషి, గడగడా మాట్లాడతాడు. డాబా మీద డిష్ పెట్టి, తన దగ్గర పడున్న పాత సెట్‌టాప్ బాక్సే తెచ్చి తగిలించి, "ఈ డిష్‌ని కదపకండి. వాన పడితే సిగ్నల్ పోద్ది, కంగారు పడకండి," అని చెప్పి తన దారిన తను పోయాడు.

టీవీ పెట్టగానే వార్తలు చదివే అమ్మాయి కనపడింది. నల్లంచు పట్టుచీర, చెవులకి జూకాలు, నిండుగా నవ్వుతూ "నమస్కారం" అంది. మంగాయమ్మ కంగారుగా లేచి కొంగు సర్దుకుంది.

"ఏవండీ, వచ్చేసింది! కొట్టతను చెప్పినట్టే వచ్చేసింది. నుంచునే ఉంది పాపం."

"కుర్చీ వెయ్యి మరి! చూస్తావేంటి?"

కుర్చీ వేశారు. ఆ అమ్మాయి కూర్చోలేదు. మంగాయమ్మ చిక్కటి మజ్జిగలో అల్లం, కరివేపాకు వేసి గ్లాసుతో తెచ్చి టీవీ ముందు పెట్టింది. ఆ అమ్మాయి అరగంట ఆపకుండా మాట్లాడి, మళ్ళీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది, ఒక్క గుక్క తాగలేదు.

"మొహమాటస్తురాలు," అంది మంగాయమ్మ. "మనం చూస్తుంటే ఎలా తాగుద్ది?"

మర్నాటి నుంచీ వార్తల టైముకి గ్లాసు పెట్టి ముగ్గురూ గోడవైపు తిరిగి కూర్చునేవారు. పిల్లి వచ్చి మజ్జిగ తాగి వెళ్ళేది. ఖాళీ గ్లాసు చూసి మంగాయమ్మ ఎంత మురిసిపోయిందో చెప్పలేను.

నాలుగో రోజు అబ్బులు రిమోట్ తుడుస్తూ ఏదో నొక్కాడు. దాంతో బొమ్మ అడ్డంగా సాగిపోయింది. వార్తలమ్మాయి బుగ్గలు పూరీల్లా పొంగాయి, భుజాలు అటు గోడ నుంచి ఇటు గోడకి వెళ్ళాయి.

"అయ్యయ్యో, మన మజ్జిగే!" అని మంగాయమ్మ నోరు నొక్కుకుంది. "వెన్న తియ్యకుండా పోశాను. పెళ్ళి కావాల్సిన పిల్ల, వాళ్ళమ్మకి ఏం సమాధానం చెప్పను?"

అంతే, ఆ పూటనుంచి మజ్జిగ బంద్. రెండ్రోజులు ఉత్తి జీలకర్ర నీళ్ళు పెట్టారు. అబ్బులు మళ్ళీ రిమోట్ తుడిచాడు. బొమ్మ మామూలైంది. "జీలకర్ర ఎంత పనిచేసింది అన్నియ్యా!" అని అబ్బులు తన పొట్ట వంక చూసుకుని తను కూడా ఓ గ్లాసు తాగాడు.

శుక్రవారం మధ్యాహ్నం మబ్బు పట్టి నాలుగు చినుకులు పడ్డాయి. బొమ్మ ఆగి ఆగి, గళ్ళు గళ్ళుగా విడిపోయింది. వార్తలమ్మాయి ముక్కు చెవి దగ్గరికి పోయింది, సగం నోరు ఎగిరిపోయింది, కాసేపటికి అసలు ఏమీ లేదు. గవర్రాజు గాభరాగా బుచ్చిబాబుకి ఫోన్ చేశాడు.

"అది డిజిటల్ అండి గవర్రాజు గారూ," అన్నాడు బుచ్చిబాబు. "బొమ్మని చిన్న చిన్న ముక్కలు చేసి పంపుతారు. మీ బాక్సు ఆ ముక్కలన్నీ అతికించి చూపిస్తది. వానకి కొన్ని ముక్కలు రాలిపోయి ఉంటాయి, అంతే!"

గవర్రాజు ఫోన్ పెట్టేసి భార్య వంక తిరిగాడు. "మంగా, ఇందాక ఇల్లు ఊడ్చావా?"

"ఊడ్చానండి. రోజూ ఊడుస్తాను కదా!"

"కొంప ముంచావు! రాలిన ముక్కలన్నీ ఊడ్చేశావు."

ముగ్గురూ పెరట్లో పెంటపోగు మీద పడ్డారు. చినుకుల్లో తడుస్తూ చేటలతో చెరిగారు. అబ్బులుకి ఓ చింతగింజ దొరికితే "కనుగుడ్డు!" అని కేక పెట్టాడు. మంగాయమ్మకి ఓ ఎర్ర గాజుముక్క దొరికింది, అది పెదవి అని తేల్చారు. దొరికినవన్నీ శుభ్రంగా కడిగి, గుడ్డలో మూటకట్టి బాక్సు మీద పెట్టి, "అతికించుకో తల్లీ," అని దణ్ణం పెట్టారు. ఈలోపు వాన ఆగింది. వార్తలమ్మాయి కళ్ళూ పెదవీ సహా ప్రత్యక్షమైంది. గవర్రాజు మీసం దువ్వుకున్నాడు. బుచ్చిబాబు ముక్కలని చెప్పాడే కానీ, ఎక్కడ వెతకాలో చెప్పగల బుర్ర ఊళ్ళో ఇంకెవరికుంది?

అయినా అతనికి దిగులు పోలేదు. ఎల్లుండి ఆట మధ్యలో వానొస్తే? వీరవేణి ముక్కలై రాలిపోతే? అందుకని అన్నదమ్ములిద్దరూ డాబా ఎక్కి, డిష్ తడవకుండా దాని నెత్తిన పెద్ద ఇనపరేకు బోర్లించారు. కదపొద్దన్నాడు కాబట్టి కదపలేదు. చుట్టూ తాళ్ళతో కట్టి రాళ్ళు పెట్టారు. కిందకి దిగేసరికి టీవీ నల్లగా ఉంది.

"ఇదేంటన్నియ్యా?"

"చీకటి చేశాం కదరా. నిద్రపోయుంటది. లేపకు."

శనివారం పొద్దున్నకి కూడా అది లేవలేదు. కబురందుకుని బుచ్చిబాబు వచ్చి, డాబా ఎక్కి, రేకు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "ఆకాశంలోంచి వచ్చే సిగ్నల్‌కి అడ్డంగా ఇనుం పెడతారా మహానుభావా!" అని దాన్ని తీసి అవతల పారేశాడు. కిందకొచ్చి టీవీ చూసి ఇంకో మాట కూడా అన్నాడు.

"బొమ్మ మసగ్గా లేదూ? టీవీ ఒక్కటీ హెచ్‌డీ అయితే చాలదండి. బాక్సు కూడా హెచ్‌డీదవ్వాలి, ఛానలు కూడా హెచ్‌డీదే పెట్టించుకోవాలి. లోపలికొచ్చేదే బురద కాలవనీళ్ళలా ఉంటే పాపం టీవీ ఏం చేస్తది? కొత్త బాక్సు సోమవారం తెస్తాను."

"సోమవారమా! ఆట రేపే కదా!" గవర్రాజు అతని చెయ్యి పట్టుకున్నాడు. "మా పిల్ల మొహం నేను తేటగా చూడాలి బాబూ. చెమట చుక్కతో సహా చూడాలి. చూడకపోతే మాట్లాడదు."

బుచ్చిబాబుకి జాలేసింది. "పోనీ ఓ పని చెయ్యండి. దగ్గర కూచుంటే మసక ఎక్కువ తెలుస్తది. దూరంగా కూచుని చూడండి. ఎంత దూరం జరిగితే అంత తేటగా కనపడుద్ది," అని చెప్పి వెళ్ళిపోయాడు.

దూరం సంగతి రేపు చూసుకోవచ్చు, ముందు బురద సంగతి చూడాలంది మంగాయమ్మ. కాలవనీళ్ళతో కాపురం చేసిన ఇల్లాలికి బురద ఒక లెక్కా? కొత్తనీరు వచ్చిన రోజుల్లో బిందెడు ఎర్రనీళ్ళు తెచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపి, కదపకుండా ఉంచితే మడ్డంతా అడుక్కి దిగి పైన నీళ్ళు తేటపడతాయి. అది ఆవిడకి అత్తగారు నేర్పిన విద్య. సానరాయి మీద గింజ అరగదీసి, ఆ గంధాన్ని కిటికీలోంచి వచ్చే డిష్ వైరుకి బారునా పట్టించింది.

"ఇంక కదపకూడదు. ఎవరూ గట్టిగా నడవొద్దు," అంది.

సాయంత్రం దాకా ముగ్గురూ మునివేళ్ళ మీద తిరిగారు. అబ్బులుకి తుమ్మొస్తే వీధిలోకి పరుగెత్తి తుమ్మొచ్చాడు. వార్తల టైముకి భయం భయంగా టీవీ పెట్టారు. వార్తలమ్మాయి పైన ఉంది. కింద ఎర్రటి పట్టీలో అక్షరాలు గబగబా పారుతున్నాయి.

"దిగిందండీ! మడ్డి దిగింది!" మంగాయమ్మ చప్పట్లు కొట్టబోయి ఆగింది. "అడుగున చూడండి, ఎలా పారుతోందో!"

ఆదివారం తెల్లారింది. ఆట సాయంత్రమే అయినా, ముందుగానే దూరం చూసుకుని మంచిచోటు పట్టుకోవాలని గవర్రాజు ఉద్దేశం. టీవీ పెట్టి, సౌండు పూర్తిగా పెంచి, గోడ దాకా జరిగి చూశారు. కొంచెం మేలు. అరుగు మీద నుంచి చూశారు, ఇంకొంచెం మేలు. వీధి దాటి ఎదురింటి దడి దగ్గర నుంచి చూస్తే మసకన్నదే తెలియలేదు. అసలు బొమ్మే తెలియలేదు.

"సగం పనైంది అన్నియ్యా. మసక పోయింది, ఇంక తేట రావాలి," అన్నాడు అబ్బులు. "ఇంకాస్త దూరం వెళ్దాం."

కాలవగట్టెక్కారు. అక్కడ్నుంచి ఇల్లే చిన్నదిగా కనపడుతోంది. గవర్రాజు నుదుటి మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూశాడు. పొద్దెక్కుతోంది, పిల్ల మొహం ఇంకా జాడ లేదు.

"చాలలేదు. ఇంకా చాలా దూరం వెళ్ళాలి. బస్సెక్కుదాం."

ఇంటికెళ్ళి, టీవీలో ఉన్న వార్తలమ్మాయితో మంగాయమ్మ, "అమ్మా, ఇల్లు చూస్తుండు. మజ్జిగ ఉట్టి మీదుంది, వెన్న తీసేశాను, తాగు," అని చెప్పి తలుపు దగ్గరగా వేసింది. గవర్రాజు రిమోట్ జేబులో పెట్టుకున్నాడు. అబ్బులు వానొస్తుందేమోనని గొడుగు తీసుకున్నాడు. మంగాయమ్మ కొంగున ఇండుపగింజ ముడేసుకుంది. ఈసారి గవర్రాజు బస్సుకి చక్రాలున్నాయో లేదో వంగి చూసి మరీ ఎక్కాడు.

"ఎక్కడికండి?" అన్నాడు కండక్టరు.

"మా టీవీకి దూరంగా."

"ఎంత దూరం?"

"మా పిల్ల తేటగా కనపడేంత దూరం."

కండక్టరు ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూశాడు. "ఇది కాకినాడ దాకా వెళ్తదండి. అంతకన్నా దూరం మావల్ల కాదు," అని టిక్కెట్లు చింపి ఇచ్చాడు. దార్లో గవర్రాజు ప్రతి ఊళ్ళోనూ కిటికీలోంచి వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, తేటపడిందేమోనని.

కాకినాడలో దిగి, దూరంగా ఇంకా దూరంగా నడుచుకుంటూ పోయారు. కాళ్ళు పీకుతున్నాయి. పొద్దు వాలింది. గవర్రాజు ఒక గోడ పక్కన కూలబడి, "ఇంక చూళ్ళేనేమో మంగా, ఇంక పిల్ల నాతో మాట్లాడదు," అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అప్పుడు గోడ అవతల హోరుమని జనం కేకలు, ఈలలు, మైకులో వీరవేణి పేరు!

"అన్నియ్యా, మన టీవీయే!" అబ్బులు గంతేశాడు. "సౌండు పూర్తిగా పెట్టొచ్చాం కదా, ఇంతదాకా వినపడుతోంది!"

సౌండు పట్టుకుని గేటులోంచి లోపలికెళ్ళారు. గేటు దగ్గర మనిషి "త్వరగా వెళ్ళండి, అయిపోవస్తోంది," అన్నాడు. గవర్రాజు తలెత్తి చూశాడు. ఎదురుగా మట్టి బరిలో, పచ్చ బనీను వేసుకుని, జడ మడిచి కట్టుకుని, వీరవేణి. అంత పెద్ద బొమ్మ, అంత వెలుగు. మోచేతికి అంటిన దుమ్ము కనపడుతోంది. కణత మీద నుంచి గడ్డం దాకా జారుతున్న చెమట చుక్క కూడా కనపడుతోంది.

"ఓరి బుచ్చిబాబూ," అన్నాడు గవర్రాజు మెల్లిగా. "నువ్వు నిజం చెప్పావు."

వీరవేణి కూతకి వెళ్ళింది. అవతలి జట్టు పిల్లలు నలుగురు ఒక్కసారి పడి కాళ్ళు పట్టేశారు. గవర్రాజు కంగారుగా రిమోట్ తీసి కనపడిన మీటల్లా నొక్కాడు. వీరవేణి నలుగుర్నీ ఈడ్చుకుంటూ, కూత ఆపకుండా, మట్టిలో పాకి, వేలికొస గీతకి తాకించింది. ఈల మోగింది. గెలిచారు.

"నేనే నొక్కాను!" అని గవర్రాజు పక్కవాళ్ళందరికీ రిమోట్ చూపించాడు.

జట్టు పిల్లలు భుజాల మీదకెత్తుకుంటుంటే వీరవేణి అలవాటుగా గేటు వైపు చూసింది. అక్కడ రిమోట్‌తో నాన్న, గొడుగుతో బాబాయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అమ్మ. "నాన్నా!" అని ఒక్క దూకు దూకి పరుగెత్తుకొచ్చింది.

గవర్రాజు గబగబా వెనక్కి నడిచాడు. "అక్కడే ఉండమ్మా! రాకు, రాకు! దగ్గరకొస్తే మసకైపోతావు!"

ఆ పిల్ల వింటేనా! వచ్చి గట్టిగా వాటేసుకుంది. నిజంగానే మసకైపోయింది. మొహం అలికినట్టయిపోయి, కళ్ళూ ముక్కూ కలిసిపోయాయి. ఎంత చికిలించి చూసినా ఏమీ తెలియలేదు. తన చొక్కా చెమటకి తడిసిపోవడం మాత్రం తెలిసింది.

"చెప్తే విన్నావు కాదు," అన్నాడు గవర్రాజు. "మంగా, నీకెలా ఉంది?"

"నాకూ పోయిందండీ సిగ్నలు. ఏమీ కనపట్లేదు. వానొచ్చినట్టుంది."

వాన అనగానే అబ్బులు గొడుగు విప్పి నలుగురి నెత్తినా పట్టాడు. ఆకాశంలో మబ్బు తునకైనా లేదు.

"అమ్మాయ్," అన్నాడు గవర్రాజు ఆ మసక బొమ్మతో, చెవి దగ్గర, బతిమాలుతున్నట్టు. "కాకినాడలో మా వీరవేణి ఉంటది. కనపడితే చెప్పమ్మా, వాళ్ళ నాన్న ఆట చూశాడని. చెమట చుక్కతో సహా చూశాడని. మాట్లాడ్డం మానెయ్యొద్దని చెప్పు."

వీరవేణికి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. నాన్న ఏం అంటున్నాడో, ఎందుకంటున్నాడో ఆ ఇంట్లో పుట్టిన పిల్లకి వెంటనే అర్థమైపోయింది. "చెప్తాను నాన్నా. ఇప్పుడే చెప్పేశాను. నీతో రోజూ మాట్లాడుతుందంట," అంది. "ముందు కళ్ళు తుడుచుకో."

ఇంకేముంది, గవర్రాజు హడలిపోయాడు. "ముట్టుకోకు! కదపకూడదు!" అని ఆ పిల్ల రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నాడు. అప్పటికే మంగాయమ్మ కొంగుముడి విప్పి, రిమోట్ అందుకుని దాని వెనకవైపు ఇండుపగింజ అరగదియ్యడం మొదలుపెట్టింది.

గ్రౌండు ఖాళీ అయిపోయింది. వాచ్‌మన్ గేటు తాళంతో వచ్చి చూసేసరికి, గొడుగు కింద ఓ కుటుంబం ఊపిరి బిగపట్టి నిలబడి ఉంది. "ఏంటండీ ఇక్కడ? ఇళ్ళకి వెళ్ళరా?" అన్నాడు.

గవర్రాజు ఒక్క వేలు మాత్రం పైకెత్తాడు.

"కాసేపాగు బాబూ. కళ్ళల్లో మడ్డి ఇంకా అడుక్కి దిగలేదు."